ర్యామిఫై, బ్రాంచ్, ఫోర్క్, ఆఫ్‌షూట్: కొమ్మలు వేయడం గురించిన ఇంగ్లీషు మాటల్లో ఏది ఎక్కడ వాడాలి?

మీ ప్రశ్న ఇది: ర్యామిఫై అనే క్రియకు సమానార్థకాలు వెతికితే నిఘంటువులో బ్రాంచ్, ఫోర్క్, డివైడ్, డైవర్జ్, స్ప్రెడ్, ప్రొలిఫరేట్, బర్జన్ అన్నీ ఒకే వరసలో కనిపించాయి, వీటిని ఒకదాని బదులు ఒకటి వాడుకోవచ్చా? దాంతోపాటు మీరు రాసిన నాలుగు వాక్యాలు ఇచ్చి సరిచూడమన్నారు.

వాడుకోకూడదు. వైద్య, వృక్షశాస్త్ర పాఠాలను రెండు భాషల మధ్య అటూ ఇటూ మార్చే పనిలో చాలాకాలంగా ఉన్నాను. ఈ మాటల దగ్గర తప్పటడుగు పడటం తరచూ చూస్తుంటాను. నిఘంటువు వీటిని ఒక గుంపుగా చూపించడానికి కారణం ఉంది, అన్నిటి వెనకా చెట్టే ఉంది. కానీ ఒక్కో మాట ఆ చెట్టులో ఒక్కో చోటును చూపిస్తుంది. నేను ఎవరికైనా చెప్పేది ఒకటే. మాట ఎంచుకునేముందు మొదటి కాండం సంగతి ఏమైందో అడగండి. అది అలాగే నిలబడి పక్కకి కొమ్మ వేసిందా? రెండుగా చీలి తానే లేకుండా పోయిందా? సన్నని రెమ్మలైపోయి మొత్తం పరుచుకుందా? లేక కొత్త మొక్క విడిగా బతకడం మొదలుపెట్టిందా? దీనికి జవాబు తెలిస్తే మాట దానంతట అదే దొరుకుతుంది.

మొక్కలే ఈ తేడాలు కళ్లకు కట్టినట్టు చూపిస్తాయి. దేవదారు లాంటి చెట్లలో మధ్య కాండం నిటారుగా పైకి పోతూనే ఉంటుంది, కొమ్మలు పక్కల నుంచి వస్తాయి. దీన్ని మోనోపోడియల్ శాఖీభవనం అంటారు. టమాటా మొక్కలో అలా కాదు. కొన పూలగుత్తితో ముగిసిపోతుంది, దాని కింది గ్రీవంలోని (ఆకు కాండాన్ని కలిసే మూలలోని) మొగ్గ పెరిగి కాండం బాధ్యత తీసుకుంటుంది. మళ్లీ అదీ పూలతో ముగుస్తుంది, ఇంకో పక్క మొగ్గ అందుకుంటుంది. మనకు ఒకే కాండంగా కనిపించేది నిజానికి కొమ్మకు కొమ్మ అతుక్కుంటూ వచ్చిన వరస. దీని పేరు సింపోడియల్. మూడోది డైకాటమస్. కొనే సరిసమానంగా రెండుగా చీలిపోతుంది, ఏది కాండం ఏది కొమ్మ అని చెప్పడానికి ఉండదు. సెలాజినెల్లా అనే పువ్వులేని మొక్కకు దగ్గరి పాత మొక్కల వర్గాల్లో ఇది మామూలే. తాళజాతి చెట్లు చాలావరకు కొమ్మలు వేయవు కదా, వాటిలో ఆఫ్రికా డౌమ్ పామ్ ఇలాగే రెండేసిగా చీలుతూ పైకి పోతుంది.

ఈ మూడో రకమే ఫోర్క్. మన మాటల్లో పంగ. పంగ దగ్గర నిలబడి చూస్తే రెండు చేతులూ సమానంగా కనిపించాలి, లేదా కనీసం ఏది అసలు దారి అన్న సంగతి తేలకుండా ఉండాలి. అందుకే ఇంగ్లీషులో ‘ద రోడ్ ఫోర్క్స్’ అంటే మీరు ఏదో ఒకటి ఎంచుకోవాల్సిన చోటు వచ్చిందని అర్థం. ‘ఎ లేన్ బ్రాంచెస్ ఆఫ్ ద రోడ్’ అంటే రోడ్డు తన మానాన తను పోతోంది, ఒక సందు దాన్నుంచి పక్కకి వెళ్లింది. దారి చెప్పేటప్పుడు ఈ రెండూ తారుమారైతే వినేవాడు తిరగకూడని చోట తిరుగుతాడు. తోటపని చేసేవాళ్లు ఫోర్క్‌ను భూమి లోపల కూడా వాడతారు. పెరిగే క్యారట్ వేరు కొనకు రాయి అడ్డం వచ్చినా, కొన దెబ్బతిన్నా వేరు రెండు కాళ్లుగా చీలుతుంది. దాన్ని ఫోర్క్‌డ్ క్యారట్ అంటారు. బ్రాంచ్‌డ్ క్యారట్ అనే మాట అక్కడ వినిపించదు, ఎందుకంటే అసలు వేరు మిగల్లేదు.

ఫోర్క్‌కు లాటిన్ బట్టలు తొడిగితే బైఫర్కేట్. ఫుర్కా అంటే లాటిన్‌లో పంగల కర్ర, బై అంటే రెండు. అర్థం దాదాపు ఒకటే అయినా ఫోర్క్ రోజువారీ మాట, బైఫర్కేట్ శరీరశాస్త్రం, గణితం, పాలనాపరమైన రాతల మాట. ఇందులో రెండు అనే సంఖ్య మాటలోనే ఉంది. మీ రెండో వాక్యం ఇక్కడే దెబ్బతింది. నది సముద్రం దగ్గర నాలుగు పాయలుగా చీలుతుందని చెప్పడానికి ‘ద రివర్ బైఫర్కేట్స్ ఇంటూ ఫోర్ ఛానల్స్’ అని రాశారు. నాలుగుగా బైఫర్కేట్ కావడం కుదరదు. ‘ద రివర్ స్ప్లిట్స్ ఇంటూ ఫోర్ ఛానల్స్’ అనండి, సరిపోతుంది. మూడైతే ట్రైఫర్కేట్ అనే మాట ఉంది కానీ శాస్త్ర రాతల బయట అది అరుదు.

నదుల సంగతి వచ్చింది కాబట్టి ఇంకొక్క ముక్క. ఇంగ్లీషులో నదికి బ్రాంచ్ అంటే వచ్చి కలిసేదీ కావచ్చు, విడిపోయి వెళ్లేదీ కావచ్చు. తెలుగులో మనం ఉపనది, పాయ అని వేరు చేస్తాం. ఇంగ్లీషులో అదే స్పష్టత కావాలంటే ట్రిబ్యుటరీ, డిస్ట్రిబ్యుటరీ అని రాయాలి. దక్షిణ అమెరికాలో ఓరినోకో నది నుంచి విడిపోయే కాసికియారే పాయ అమెజాన్ వైపు వెళ్లే రియో నెగ్రోలో కలుస్తుంది. రెండు పెద్ద నదీ వ్యవస్థల్ని కలిపే ఆ చోటును భూగోళ శాస్త్రజ్ఞులు బైఫర్కేషన్ అనే పేర్కొంటారు. 1800లో జర్మన్ శాస్త్రవేత్త హంబోల్ట్ ఆ పాయ మీదుగా ప్రయాణించాడు. అక్కడ ట్రిబ్యుటరీ అనే మాట ఒక్కటే సరిపోదు, ఎందుకంటే అదే పాయ ఒక నదిని విడిచి ఇంకో నదికి చేరుతోంది.

ఇప్పుడు అసలు మాట, ర్యామిఫై. లాటిన్‌లో రేమస్ అంటే కొమ్మ. ‘చేయు’ అనే అర్థమున్న ధాతువు దానికి చేరి, ఫ్రెంచి మీదుగా 15వ శతాబ్దంలో ఇంగ్లీషులోకి వచ్చింది. పేరు రూపం ర్యామిఫికేషన్ 17వ శతాబ్దానిది. రేమస్ అనే మూలపదం ఇప్పటికీ శరీరశాస్త్రంలో అలాగే ఉంది, దవడ ఎముక నిలువు భాగాన్ని రేమస్ అంటారు. ఉచ్చారణలో ర్యామిఫై మొదటి అక్షరం మీద ఒత్తు, ర్యామిఫికేషన్‌లో ఒత్తు ‘కే’ మీద.

బైఫర్కేట్‌కూ ర్యామిఫైకీ తేడా తెలియాలంటే మన ఊపిరితిత్తుల్ని చూస్తే చాలు. శ్వాసనాళం ఛాతీలో కరైనా అనే చోట కుడి, ఎడమ నాళాలుగా చీలుతుంది. ఇది బైఫర్కేషన్, ఒకే చోట జరిగిన ఒకే చీలిక. ఆ రెండు నాళాలూ ఊపిరితిత్తుల్లోకి వెళ్లి మళ్లీ మళ్లీ చీలుతూ పోతాయి. 1963లో శరీరశాస్త్రజ్ఞుడు వైబెల్ ఇచ్చిన నమూనా ప్రకారం అటువంటి చీలికలు వరసగా 23 తరాలు. ప్రతిసారీ సరిగ్గా రెండుగానే చీలితే 23వ తరానికి దాదాపు 84 లక్షల కొసలు వస్తాయి. నిజం ఊపిరితిత్తి ఇంత నిక్కచ్చిగా చీలదు, కానీ లెక్క స్థాయి అది. ఈ మొత్తం వ్యవహారానికే ర్యామిఫై అని పేరు. ఒక్కో చీలికను చూస్తే బైఫర్కేట్, చీలికల మీద చీలికలై లోపలంతా పరుచుకున్న తీరును చూస్తే ర్యామిఫై. తెలుగులో దీనికి సరితూగే పలుకుబడి మన దగ్గర సిద్ధంగా ఉంది, శాఖోపశాఖలుగా విస్తరించడం. శాఖ ఒక్కటే కాదు, ఉపశాఖ కూడా ఉండాలి. ఒక్క కొమ్మ వేసిన దానికి ర్యామిఫై అనరు.

దీని వెంట వచ్చే విభక్తి మాటలు కూడా గమనించండి. ‘ద ఆర్టరీ ర్యామిఫైస్ త్రూ ద మజిల్’, ‘ద నర్వ్ ర్యామిఫైస్ ఇన్ ద స్కిన్’. త్రూ, ఇన్, ఓవర్, త్రూఅవుట్ అన్నవి పరుచుకున్న చోటును చెబుతాయి. ‘ర్యామిఫైస్ ఇంటూ’ అంటే ఆ తర్వాత రావాల్సింది చోటు కాదు, ఏయే కొమ్మలుగా మారిందో ఆ కొమ్మలు. మీ మొదటి వాక్యం ‘ద కంపెనీ ర్యామిఫైడ్ ఇంటూ త్రీ సిటీస్’ తప్పడానికి కారణం ఇదే. చదివినవాళ్లకు ఆ కంపెనీ చీలిపోయి మూడు నగరాలుగా మారిపోయిందన్న అర్థం వస్తుంది. మీరు చెప్పదలచుకున్నది మూడు నగరాల్లో శాఖలు తెరిచిందని. దానికి ‘ద కంపెనీ ఓపెన్డ్ బ్రాంచెస్ ఇన్ త్రీ సిటీస్’ కన్నా మంచి వాక్యం లేదు. ఇంత సాదా మాట దగ్గర ఉన్నప్పుడు లాటిన్ మాట తెచ్చి పెట్టడం వల్ల వాక్యానికి హుందాతనం రాదు, అయోమయం వస్తుంది. ర్యామిఫై సాధారణంగా అకర్మకంగానే కనిపిస్తుందన్న సంగతి కూడా గుర్తుంచుకోండి. నాళం ర్యామిఫై అవుతుంది, దాన్ని ఎవరో ర్యామిఫై చేశారని రాయడం అరుదు.

వ్యావహారిక ఇంగ్లీషులో కొమ్మల పని ఎక్కువగా మోసేది బ్రాంచ్. దీని మూలం లేట్ లాటిన్‌లో జంతువు పంజాకు వాడిన బ్రాంకా అనే మాట. క్రియగా ఒంటరిగా వాడితే కొమ్మలు వేయడమే. మొక్క కొనను తుంచితే పక్కకొమ్మలు వస్తాయని తోటమాలులందరికీ తెలుసు. కొన మొగ్గ నుంచి కిందికి దిగే ఆక్సిన్ అనే హార్మోన్ పక్క మొగ్గల్ని నిద్రపుచ్చి ఉంచుతుంది. దాన్నే అగ్రాధిక్యత అంటాం. కొన పోగానే ఆ అణచివేత పోతుంది, కింది గ్రీవపు మొగ్గలు లేస్తాయి. ఈ సంగతి చెప్పడానికి ఇంగ్లీషు తోటమాలి ‘పించ్ ద టిప్ అండ్ ద ప్లాంట్ విల్ బ్రాంచ్’ అంటాడు. అక్కడ ర్యామిఫై అంటే పాఠ్యపుస్తకం చదువుతున్నట్టు ఉంటుంది.

బ్రాంచ్‌కు తోకలు తగిలిస్తే అర్థాలు వేరవుతాయి, చాలామంది తడబడేది ఇక్కడ. బ్రాంచ్ ఆఫ్ అంటే అసలు దారి నుంచి పక్కకి చీలి వెళ్లడం. చూపు విడిపోయిన చోటు మీద ఉంటుంది. సంభాషణ అసలు విషయం వదిలి పక్కదారి పట్టినా ‘బ్రాంచ్డ్ ఆఫ్’ అంటారు. బ్రాంచ్ అవుట్ అంటే మనిషో సంస్థో తనకు అలవాటైన రంగం దాటి కొత్త రంగంలో చేయి పెట్టడం. ‘షి బ్రాంచ్డ్ అవుట్ ఇంటూ ఫొటోగ్రఫీ’ అంటే పాత పని మానేసిందని అర్థం కాదు. కాండం ఉంది, కొత్త కొమ్మ వచ్చింది. పాతది పూర్తిగా వదిలేస్తే అది స్విచ్ లేదా మూవ్, బ్రాంచ్ అవుట్ కాదు. ‘బ్రాంచ్ ఇంటూ’ మాత్రం దేనిగా చీలిందో చెబుతుంది, ‘ద స్టెమ్ బ్రాంచెస్ ఇంటూ త్రీ’ లాగా. ఆఫ్, అవుట్, ఇంటూ మూడింటినీ విడివిడి క్రియలుగా అనుకుని నేర్చుకుంటే గందరగోళం ఉండదు.

ఇక్కడే మీ మూడో వాక్యం. మొక్క అన్ని వైపులా కొమ్మలు వేస్తుందని చెప్పడానికి ‘ద ప్లాంట్ ప్రొలిఫరేట్స్ ఇన్ ఆల్ డైరెక్షన్స్’ అన్నారు. ప్రొలిఫరేట్‌లో కొమ్మ లేదు. లాటిన్‌లో ప్రోలెస్ అంటే సంతానం, ఈ మాట చెప్పేది సంఖ్య పెరగడం గురించి. కణాలు ప్రొలిఫరేట్ అవుతాయి, పుకార్లు ప్రొలిఫరేట్ అవుతాయి, 1968 నాటి అణ్వస్త్ర ఒప్పందం పేరులోని నాన్-ప్రొలిఫరేషన్ కూడా ఆయుధాలు, అవి ఉన్న దేశాల సంఖ్య పెరగకూడదన్నదే. మీ వాక్యం చదివితే ఒక మొక్క వందై పొలమంతా నిండిందని అనిపిస్తుంది. ‘ద ప్లాంట్ బ్రాంచెస్ ఇన్ ఆల్ డైరెక్షన్స్’ చాలు. వృక్షశాస్త్రంలో ప్రొలిఫరేషన్‌కు ఇంకో నిర్దిష్టమైన వాడుక ఉంది, పెరుగుదల ముగిసిపోవాల్సిన అవయవం నుంచి మళ్లీ చిగురు రావడం. కొన్నిసార్లు గులాబీ పువ్వు నడిమధ్య నుంచి కొత్త రెమ్మో ఇంకో మొగ్గో లేస్తుంది. దాన్ని ప్రొలిఫరస్ అంటారు. మొదటిసారి చూస్తే ఆ పువ్వు దగ్గర నుంచి కదల బుద్ధి కాదు.

బర్జన్ మూలంలో మొగ్గే, కానీ ఇప్పుడు వేగంగా ఎదగడం అనే అర్థమే మిగిలింది. ‘బర్జనింగ్ డిమాండ్’ అంటే పుంజుకుంటున్న గిరాకీ, కొమ్మలేవీ లేవు. స్ప్రెడ్‌లోనూ కొమ్మ లేదు, నూనె మరకా స్ప్రెడ్ అవుతుంది. ర్యాంపంట్‌ను కొందరు ర్యామిఫై బంధువుగా భావిస్తారు. అది ఎగబాకడం అనే అర్థమున్న పాత ఫ్రెంచి క్రియ నుంచి వచ్చింది, చుట్టరికం లేదు.

పిలకల కుటుంబం వేరు. వరి, గోధుమ లాంటి గడ్డిజాతి మొక్కలు పైన కొమ్మలు వేయవు, మొదలు దగ్గర పిలకలు తొడిగి దుబ్బు కడతాయి. ఇంగ్లీషులో దీనికి టిల్లర్ అనే మాట పేరుగానూ క్రియగానూ ఉంది. వ్యవసాయ వ్యాసం రాస్తూ వరి ‘బ్రాంచెస్’ అంటే ఆ రంగంవాళ్లు వెంటనే పట్టుకుంటారు, ‘టిల్లర్స్’ అనే రాయాలి. వేరు నుంచో మొదలు నుంచో లేచే పిలక సక్కర్. నేల మీద పాకుతూ కణుపుల దగ్గర వేళ్లూనుకునే తీగ రన్నర్, స్ట్రాబెర్రీలో చూస్తాం. ఇవన్నీ ఒక రకంగా కొత్త మొక్కలు, ఆలస్యంగానో త్వరగానో తల్లిని వదిలి బతకగలవు.

ఆఫ్‌షూట్ వచ్చింది ఈ ఇంట్లోంచే. అందుకే అలంకారికంగా వాడినప్పుడు కూడా అందులో రెండు సంగతులు దాగుంటాయి. ఆఫ్‌షూట్ అసలు దానికంటే చిన్నది, తర్వాతిది. అదీకాక సొంత బతుకు కలిగినది. ఒక సంస్థకు ‘బ్రాంచ్’ అంటే సంస్థలో భాగం, అక్కడి మేనేజర్ ప్రధాన కార్యాలయానికి జవాబు చెప్పాలి. ‘ఆఫ్‌షూట్’ అంటే దాన్నుంచి పుట్టి విడిగా నడుస్తున్నది. ఒక మతశాఖను ఇంకో మతానికి ఆఫ్‌షూట్ అని రాస్తే అందులోని మనుషులు నొచ్చుకోవచ్చు, ఎందుకంటే మీది అసలు కాదు కొసరు అన్న ధ్వని ఉంటుంది. అనువాదంలో నేను అటువంటి చోట్ల ఎప్పుడూ బ్రాంచ్ లేదా ట్రెడిషన్ అనే మాటకే మొగ్గుతాను. భాషా కుటుంబాల గురించి రాసేవాళ్లు కూడా ‘ద జర్మానిక్ బ్రాంచ్’ అనే అంటారు. సయన్ అనే మాట కూడా అంటుకట్టడానికి కోసిన కొమ్మే, ఇప్పుడు పేరున్న కుటుంబపు వారసుడికి వాడుతున్నారు. మామూలు ఇంట్లో పుట్టినవాడికి ఆ మాట నప్పదు.

అవుట్‌గ్రోత్‌ను ఆఫ్‌షూట్ పక్కన పెట్టి చూడండి. ‘ద క్లబ్ వాజ్ యాన్ అవుట్‌గ్రోత్ ఆఫ్ దోజ్ మీటింగ్స్’ అంటే ఆ సమావేశాలు సాగుతూ సాగుతూ సహజంగా క్లబ్బుగా రూపుకట్టాయి. ఆఫ్‌షూట్ అంటే సమావేశాలు ఒకవైపు నడుస్తుంటే క్లబ్బు ఇంకోవైపు విడిగా మొలిచింది.

అతుక్కుని ఉండటానికీ విడిపోవడానికీ ఉన్న ఈ తేడాను సాఫ్ట్‌వేర్‌వాళ్లు చాలా శ్రద్ధగా కాపాడారు, నాకు అది ముచ్చటగా ఉంటుంది. కోడ్ మార్పుల్ని భద్రపరిచే గిట్ అనే సాధనంలో బ్రాంచ్ అంటే అదే రిపాజిటరీలో (కోడ్ భాండారంలో) ఇంకో వరస, పని అయ్యాక మళ్లీ కాండంలో కలపడమే సాధారణ ఉద్దేశం. ఫోర్క్ అంటే మొత్తం రిపాజిటరీకే విడి నకలు, ఇంకొకరి చేతిలో. అంతకుముందు నుంచే యూనిక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌లో ఫోర్క్ అనే సిస్టమ్ కాల్, అంటే ప్రోగ్రామ్ ఆ వ్యవస్థను కోరే పని, ఉంది. ఒక ప్రాసెస్ (నడుస్తున్న ప్రోగ్రామ్) దాన్ని పిలవగానే అచ్చు తనలాంటి రెండో ప్రాసెస్ పుడుతుంది. ఇద్దరూ అదే వరుస నుంచి ముందుకు సాగుతారు. తిరిగొచ్చిన విలువ ఒక్కటే వేరు, పిల్లకు 0, తల్లికి పిల్ల ప్రాసెస్ గుర్తింపు సంఖ్య. పంగ దగ్గర రెండు చేతులూ సమానంగా ఉంటాయన్నాను కదా, ఇక్కడ అది అక్షరాలా నిజం. 2016లో ఇథీరియం అనే క్రిప్టోకరెన్సీ లావాదేవీల గొలుసులో హార్డ్ ఫోర్క్ (నియమాలు మారి గొలుసు రెండుగా చీలడం) జరిగి ఇథీరియం క్లాసిక్ వేరుపడినప్పుడు, అసలు గొలుసు మాదేనని రెండు పక్కలవాళ్లూ అనగలిగారంటే కారణం ఆ సమానత్వమే. బ్రాంచ్‌లో ఆ వాదానికి తావుండదు.

డైవర్జ్ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. అది చీలికను కాక, చీలిన తర్వాత పెరిగే దూరాన్ని చెబుతుంది. అభిప్రాయాలు డైవర్జ్ కావచ్చు, అవి అంతకుముందు ఒకటిగా లేకపోయినా సరే. ఫ్యాన్ అవుట్, రేడియేట్ రెండూ ఒక బిందువు నుంచి ఒకేసారి అన్నివైపులా పోవడం. వెతకడానికి వెళ్లిన జట్టు ఫ్యాన్ అవుట్ అవుతుంది. వీటిలో చీలికల మీద చీలికలు ఉండవు కనుక ర్యామిఫై బదులు పనికిరావు. కొమ్మలు మరీ వెడల్పు కోణంలో విడిపోతే డైవారికేట్ అంటారు. న్యూజిలాండ్‌లో అల్లిబిల్లిగా చిక్కుకుపోయే పొదలకు ఆ విశేషణం స్థిరపడింది, మిగతా చోట్ల అరుదు.

నాడీకణాల దగ్గరకు వస్తే మాటలు మళ్లీ చెట్టు వైపు తిరుగుతాయి. నాడీకణపు కొమ్మకు పేరైన డెండ్రైట్‌లో ఉన్నది గ్రీకు చెట్టు, ఆ కొమ్మలు అల్లుకోవడానికి పేరైన ఆర్బరైజేషన్‌లో ఉన్నది లాటిన్ చెట్టు. ర్యామిఫైకి నిజంగా దగ్గరి సమానార్థకం కావాలంటే ఆర్బరైజ్ అనే చెబుతాను, కాకపోతే దాన్ని నాడులు, నాళాల వరకే ఉంచండి. డెండ్రిటిక్ కొంచెం విశాలమైనది, వాగులు చెట్టు ఆకారంలో వచ్చి కలిసే నేలల్ని డెండ్రిటిక్ డ్రైనేజ్ అంటారు. డార్విన్ మాత్రం 1859 నాటి ‘ఆరిజిన్ ఆఫ్ స్పీసీస్’ పుస్తకంలో జీవవృక్షం పోలికను ముగిస్తూ ర్యామిఫికేషన్స్ అనే మాటే వాడాడు. ఆ పుస్తకమంతటికీ ఉన్న ఒకే ఒక్క బొమ్మ కూడా కొమ్మల పటమే. జాతులు ఒకసారి చీలి ఆగలేదు, చీలినవే మళ్లీ చీలాయి కాబట్టి ఆ మాట ఆయనకు సరిగ్గా కుదిరింది.

గణితం చదివేవాళ్లు ఎవరైనా ఉంటే ఒక హెచ్చరిక. సంఖ్యా సిద్ధాంతంలో ర్యామిఫై అంటే మనం ఇంతవరకు చెప్పుకున్నదానికి దాదాపు ఎదురు. గాసియన్ పూర్ణాంకాల్లో (a, b పూర్ణాంకాలు, i వర్గం −1 అయిన a+bi సంఖ్యల్లో) 5 ను (2+i)(2−i) అని రెండు వేర్వేరు కారణాంకాలుగా విడగొట్టవచ్చు. అక్కడ 5 స్ప్లిట్ అయిందంటారు. 3 విడిపోదు, దాన్ని ఇనర్ట్ అంటారు. 2 మాత్రం ఒక యూనిట్ (1, −1, i, −i లలో ఒకటి) గుణకం తేడాతో (1+i) వర్గానికి సమానం, రెండు కారణాంకాలూ ఒకటే అయిపోయాయి. దానికే ర్యామిఫై అని పేరు. కొమ్మలు విడిపోయే చోటు అంటే వాటన్నిటినీ వెనక్కి తెస్తే కలిసే చోటు కూడా కదా, గణితజ్ఞులు ఆ కలిసే బిందువును పట్టుకున్నారు. అక్కడ స్ప్లిట్, ర్యామిఫై సమానార్థకాలని రాస్తే సిద్ధాంతమే తప్పిపోతుంది.

చివరగా మీ నాలుగో వాక్యం, ‘ద ర్యామిఫికేషన్ ఆఫ్ ద రెయిన్ వాజ్ వెట్ రోడ్స్’. ఈ రోజుల్లో ర్యామిఫికేషన్ అన్న పేరు ఎక్కువగా కనిపించేది పర్యవసానం అనే అర్థంలోనే, అదీ బహువచనంలో. లీగల్ ర్యామిఫికేషన్స్, పొలిటికల్ ర్యామిఫికేషన్స్ లాంటి జంటలు పత్రికల్లో నిత్యం చూస్తాం. దీన్ని కాన్సీక్వెన్స్ అనే మాటకు పెద్దరికపు రూపమని చాలామంది అనుకుంటారు. కాదు. వాన పడితే రోడ్డు తడవడం కాన్సీక్వెన్స్, కారణానికీ ఫలితానికీ మధ్య ఒకటే గీత. ర్యామిఫికేషన్స్ అనాలంటే ఆ ఫలితానికి ఫలితాలుండాలి, అవి ముందు తోచని వైపులకు పాకాలి.

ఒక ఉదాహరణ కాస్త నిదానంగా చూద్దాం. ఇద్దరి మధ్య ఒప్పందంలో ‘పని పూర్తయ్యాక చెల్లింపు’ అని ఉన్నదాన్ని ‘పని ఆమోదించాక చెల్లింపు’ అని మార్చారనుకోండి. డబ్బు ఆలస్యంగా రావడం కాన్సీక్వెన్స్. ఆమోదం ఎవరివ్వాలి, ఇవ్వకపోతే ఎన్నాళ్లు ఆగాలి, ఆలోగా పనిలో లోపం బయటపడితే బాధ్యత ఎవరిది, చెల్లింపు రాని కాలంలో కింది కాంట్రాక్టరుకు ఇవ్వాల్సింది ఎవరు ఇస్తారు, అతను పని ఆపేస్తే పై ఒప్పందం గడువు ఏమవుతుంది, ఇవీ ర్యామిఫికేషన్స్. ఒక్కోదాన్నుంచి ఇంకొన్ని పుడుతున్నాయి. ఇలాంటి చోట ‘వి డిడ్ నాట్ కన్సిడర్ ద ర్యామిఫికేషన్స్’ అనే వాక్యం సరిగ్గా అతుకుతుంది. తెలుగులోకి తెచ్చేటప్పుడు ఉత్త ‘ఫలితాలు’ అంటే ఆ విస్తారం పోతుంది. నేను చాలాసార్లు ‘పర్యవసానాలు’ అంటాను, వాక్యం ఒప్పుకుంటే ‘ఇది ఎక్కడెక్కడికి దారితీస్తుందో’ అని విడమరుస్తాను.

ఏకవచనంలో ‘ఎ ర్యామిఫికేషన్’ తప్పు కాదు, అనేక పర్యవసానాల్లో ఒకదాన్ని వేలెత్తి చూపేటప్పుడు ‘వన్ ర్యామిఫికేషన్ ఆఫ్ దిస్ రూలింగ్ ఈజ్...’ అనవచ్చు. ఇంకో సంగతి, ఈ మాటలో ఎక్కువగా చిక్కుల ధ్వని ఉంటుంది. మంచి జరిగినప్పుడు ‘ద స్కాలర్‌షిప్ హాడ్ మెనీ ర్యామిఫికేషన్స్’ అంటే చదివేవాళ్లు ఏం తంటా వచ్చిందోనని చూస్తారు. మంచికి బెనిఫిట్స్ అనో ఎఫెక్ట్స్ అనో రాయండి. మీ వాన వాక్యానికి మాత్రం ఇవేవీ అక్కర్లేదు. ‘ద రెయిన్ లెఫ్ట్ ద రోడ్స్ వెట్’ అని రాసేయండి.